విమానం ముక్కుకు కట్టిన నిమ్మకాయ

1976 జూలైలో నన్ను నర్మెట్ట దగ్గరి ఒక ఉన్నత పాఠశాలకు బి.ఎడ్. అసిస్టెంటుగా వేశారు. అంటే పై తరగతులకు సైన్సు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. చేరిన వారానికే ప్రార్థన సమయంలో నిలబడి దిష్టి, బాణామతి లాంటి చేతబడులు బూటకాలని అరగంట దంచాను. ఆ తర్వాత నా అద్దెగది గడప ఎవరూ తొక్కలేదు. స్టాఫ్‌రూములోకి పోతే మాటలు ఆగిపోయేవి.

సైన్సు క్లబ్బుకు అనుమతి అడిగాను. హెడ్‌మాస్టరు ఒకటే అన్నాడు: "మాటలు శాన చెప్పినవ్. ఊరోళ్ల ముంగట ఏదన్న చేసి చూపియ్యి. కాకుంటే గా క్లబ్బు ముచ్చట మళ్ల తేవొద్దు."

నా దగ్గర ఒక చిన్న విమానం నక్షా ఉండేది. దానికి ఇంజను లేదు, దారం లేదు. చేతిలోంచి వదిలాక తన తూకంతో తానే ఎగరాలి. నక్షాను బల్లమీద పరిచి, పైన మైనపు కాగితం వేసి, గీతల వెంబడి పుల్లలను గుండుసూదులతో నిలిపి అతికించాలి. అందులో రాసిన తేలికపాటి బాల్సా కర్ర నాకు దొరకలేదు. రెక్కలకు జీలుగు బెండు, తోకకు వెదురు వాడి, పైన పతంగి కాగితం అంటించాను. నెలరోజులు సాయంత్రాలు నాకు ఆ బల్లే తోడు.

శనివారం బడి మైదానంలో ఊరు చేరింది. రెండుసార్లు విసిరాను. విమానం రెండుసార్లూ ముక్కు పైకెత్తి, ఆగి, తోకమీద కూలింది. అటెండరు రాజయ్య నిమ్మకాయ తెచ్చాడు.

"కొత్త బండికి కట్టకుంటే ఎట్ల సారూ? జర ఆగుండ్రి."

నేను వద్దన్నాను. హెడ్‌మాస్టరు కట్టమన్నాడు. ముక్కుకు నిమ్మకాయతో విమానం మైదానం దాటి పల్లిచేనులో మెత్తగా దిగింది. జనం చప్పట్లు కొట్టారు, నిమ్మకాయకు. నేను కోపంతో దాన్ని పీకి జేబులో వేసుకుని, విమానాన్ని మళ్లీ విసిరాను. కూలి, రెక్క విరిగింది.

"సారు సైన్సుకు దిష్టి తాకింది," అన్నారెవరో. అందరూ నవ్వుకుంటూ పోయారు.

గదికి వచ్చి నక్షా మళ్లీ చదివాను. రెక్క కింద ఒక గుండ్రటి గుర్తుంది. అది గరిమనాభి. అక్కడ రెండు వేళ్లమీద ఆనిస్తే విమానం సమంగా నిలవాలి. నక్షాలో తప్పుండదని నమ్మి ఆ పరీక్ష ఎగ్గొట్టాను. వెదురుతో తోక బరువెక్కింది. నిమ్మకాయ ముందు బరువు పెంచి దాన్ని సరిచేసింది. రెక్క అతికించి, నిమ్మకాయను ప్రయోగశాల త్రాసులో తూచి, అంతే బరువున్న బంకమట్టి ముక్కుకు పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం విమానం చక్కగా ఎగిరింది. మైదానంలో నేను తప్ప ఎవరూ లేరు.

సోమవారం చెబితే రాజయ్య సంతోషపడ్డాడు. "ఎగురదా మరి. ఒక్కపారి కట్టినంగద సారూ, గా బలం ఇంక ఉంటది."

హెడ్‌మాస్టరు రెండో ప్రదర్శనకు ఒప్పుకోలేదు. నేను అక్కడ పనిచేసిన నాలుగేళ్లలో క్లబ్బు రాలేదు.

ఒక నమ్మకాన్ని పీకేముందు అది చేస్తున్న పనేమిటో తూచాలి. తూచాక, చూడవలసినవాళ్ల ఎదుటే రుజువు చేయాలి. నేను పీకింది అందరి ముందు, తూచింది ఒంటరిగా.