చెమ్మ గోడకు సున్నం

కుందూ నది పొంగి మా వీధిలోకి వచ్చిన ఏడాది, నంద్యాలలో మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక బురద కడిగి, తలుపులకు గడియ పెట్టుకున్నాను. మా ఆయన పోయినప్పటి నుంచీ నాకు అదే అలవాటు. ఒంటరి ఆడమనిషి తలుపులు బార్లా తెరుచుకుని కూర్చుంటుందా?

ఆ క్రిస్మస్ ముందు మహిళల ప్రార్థన కూడిక మా ఇంట్లో పెడతామని సంఘంలో చెప్పారు. ఆయన పోయాక మా ఇంట్లో పది మంది కూర్చున్నది లేదు. నాకు కాలు నిలవలేదు. పండగకు సున్నం కొట్టకపోతే మావాళ్లకు అది ఇల్లే కాదు. గోడ ఇంకా చల్లగా తగులుతున్నా మనిషిని పిలిచి కొట్టించేశాను. చాపలు కూడా తెప్పించి పెట్టాను.

కూడిక దగ్గర పడేసరికి సున్నం పొక్కులు లేచింది. వాటి కింద నల్లటి బూజు. తుడిస్తే మళ్లీ వచ్చేది. బీరువా వెనకంతా అదే. ఇల్లంతా మురిగిన గుడ్డ వాసన. చూసి పోదామని వచ్చిన పాస్టరమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కూడిక వేరే ఇంటికి మార్చారు. ఆమెను అనేందుకేముంది, ఆయాసం ఉన్న మనిషి. అయినా చాపలు చుట్టిపెడుతుంటే ఏడుపు ఆగలేదు. ఆ కూడికకు నేను పోనూ లేదు. రోషం నాకు.

పండగయ్యాక ఆళ్లగడ్డ నుంచి మా అక్క బస్సెక్కి వచ్చింది. గోడను గోటితో గీకి చూసింది.

"తడి గోడకు సున్నం కొడితే లోపలి చెమ్మ యాడికి పోతాదిమే?" అంది.

ముక్కుకు గుడ్డ కట్టుకుని, దగ్గరుండి నడుమెత్తు దాకా పూత చెక్కించింది. బూజు పట్టిన పరుపు పారేయించింది, బీరువాను గోడకు దూరంగా జరిపించింది. గోడ ఆరేదాకా తలుపులు, కిటికీలు తీసే ఉంచమంది.

"ఒక్కదాన్నే ఉంటాండా, తలుపు తెరిచి పెట్టుకుంటే ఎట్లక్కా?"

"నీ ఇంటికి ఎవరొస్తారు? దొంగలు గూడా రారు."

ఆ మాటకు ఒళ్లు మండింది. నిజం కాబట్టి ఇంకా మండింది.

తలుపు తెరిచాను. కూరగాయలకు పోయేవాళ్లు ఆగి, ఇటుకలు తేలిన గోడను చూసి ఏమైందని అడిగేవారు. ఎదురింటి దర్జీ భార్య రోజూ వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి, ఇంకా ఆరలేదని చెప్పి, గడప లోపల చతికిలబడి కాసేపు మాట్లాడి పోయేది. ఇన్నేళ్లుగా ఎదురెదురుగా ఉన్నా, ఆమెకు మోకాళ్ల నొప్పులున్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఎండలు ముదిరాయి. గోడను తాకితే పొడి రాలుతోంది. ఇంక పూత పెట్టించి సున్నం కొట్టుకోమని అక్క ఫోన్‌లో చెప్పింది. సరేనన్నాను. ఆ సాయంత్రం ఎదురింటామె గుమ్మంలో నిలబడి, ఆరిందా అని అడిగింది.

"ఇంకా చెమ్మ ఉందమ్మా," అన్నాను.

ఆమె గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. చేతికంటిన పొడిని కొంగుకు తుడుచుకుని, రోజూ కూర్చునే చోటే కూర్చుంది.