నూలు మింగేవాడి బొమ్మ

శుక్రవారం, పొద్దున తొమ్మిది గంటలు. ఎనభైల మొదట్లో, ఎండలు ముదిరిన కాలం. ఎమ్మిగనూరులో మా వీధి పొడవునా పడుగు సాగదీసి గంజి పట్టిస్తున్నాం. ఆరేలోపు కుంచెతో దువ్వకపోతే పోగులు అతుక్కుంటాయి, అందుకని ఆ పనిలో ఎవరూ తలెత్తరు. ఆ రోజు మాత్రం అందరూ తలెత్తి మా ఇంటి గోడనే చూస్తున్నారు.

గోడ మీద బొమ్మ. వేసింది ఆదోని సాయిబు, అంగళ్లకు బోర్డులు రాసే మనిషి. వేయమన్నది నేను. సంఘానికి వచ్చిన నూలు మా మగ్గాలకు చేరకుండా బయట అమ్ముడుపోతోందని నెలల తరబడి మొత్తుకున్నాం. ఒక్క పత్రికా రాయలేదు. ఇక గోడే మా పత్రిక అనుకున్నాం.

బొమ్మలో మగ్గం గుంతలో ఎముకల గూడు లాంటి నేతగాడు. అతని చేతిలోంచి నూలు ఊడిపోయి నల్లద్దాల మనిషి నోట్లోకి పోతోంది. ఆ అద్దాలు, ఆ పొట్ట మా సంఘం పెద్ద మనిషివే. జనం పడీపడీ నవ్వారు. బొమ్మ కింద సాయిబు తనంతట తాను రాసిన ఒక వరుస రాత ఉంది. అది మాలో ఎవరికీ చదవరాదు.

అంతలో పెద్ద మనిషి అనుచరుడు మనుషులను వెంటేసుకుని సున్నం బకెట్టుతో దిగాడు. రాత మీద వేలు పెట్టి, చదివినట్టే చెప్పాడు.

"తాగుబోతు నా కొడుకులకు నూలెందుకని రాసినాడు. మిమ్మల్నే. నవ్వండి ఇంగా."

నవ్వులు ఆగిపోయాయి. అలా రాయలేదని సాయిబు అంటూనే ఉన్నాడు. మా వాళ్లలో ఒకడు రాయి అందుకున్నాడు. బడికి పోతూ ఆగిన అయ్యవారి వైపు తిరిగి, చదివి చెప్పమని అడిగాను. ఆయన గడియారం చూసుకున్నాడు. బడికి టైమైందన్నాడు. కదలనూ లేదు, చదవనూ లేదు.

గంజి కుండ దగ్గరున్న మా పెద్దమ్మ లేచింది.

"నాకూ అచ్చరం రాదప్పా. నూలు ఎవుని నోట్లోకి పోతాందో కండ్లకు కనపడతాండ్లా? రాయి కింద పారెయ్."

రాయి కింద పడింది. అనుచరుడు సున్నంలో కలపడానికి గంజి పోయమన్నాడు. గంజి లేని సున్నం గోడను పట్టదు.

"ఇది పడుగుకు కాసింది. నీ అబద్ధానికి కాదు" అని పెద్దమ్మ కుండకు అడ్డం నిలబడింది.

ఉత్త సున్నమే పూశారు. పోతూ పోతూ సాయిబు రంగు డబ్బాలు తొక్కి పగలగొట్టారు. ఆ తర్వాత పెద్ద మనిషికి జడిసి మా ఊళ్లో ఆయన చేత ఎవరూ బోర్డు రాయించలేదు. బొమ్మ మా అందరిదీ, దెబ్బ ఆయన ఒక్కడిదీ. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ మంటతోనే, నలభై దాటినాక పలక పట్టాను. వానలకు సున్నం పెచ్చులుగా రాలి బొమ్మ బయటపడే నాటికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. వీధిలో నిలబడి, అందరికీ వినపడేలా చదివాను. "మా నూలు యాడ?" అంతే ఉంది అక్కడ.

ఆ శుక్రవారం అక్కడున్నది వీళ్లు: పడుగు పట్టిన మా వీధి నేతగాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, రాయి ఎత్తి దించినవాడు, మా పెద్దమ్మ, ఆదోని సాయిబు, అబద్ధం చదివినవాడు, వాడి వెంట సున్నం పూసినవాళ్లు, నేను. చదువొచ్చిన అయ్యవారు కూడా.