ఎనుకకు పోవద్దన్న పెండ్లి బండి

మొన్న కొడుకు కారుల నిర్మల్ దాటి ఆదిలాబాద్ దిక్కు పోతుంటే, ఘాట్ ఎప్పుడొస్తదిరా అని అడిగిన. ఎప్పుడో అయిపోయింది బాపు, నువ్వు కునుకు తీసినవన్నడు. అయిపోవుడేంది! పాత నాగపూర్ రోడ్డు మీద గా గుట్ట ఎక్కుడంటే పానం అరచేతుల పెట్టుకొనుడని మన ఈడోళ్లందరికీ ఎరుకే, గీ నాలుగు వరుసల కొత్త రోడ్డు దాన్ని చాప చుట్టినట్టు చుట్టి పక్కకు పారేసింది. పోతే పోయింది, పీడ వదిలింది. ఆ ఘాట్ మీద నాకున్న పగ చెప్తే గాని మీకు తెల్వది.

నా పెండ్లికి పోతున్నం. పిల్లది ఘాట్ మీద ఇచ్చోడ దిక్కు, మాది కింద నిర్మల్ దగ్గరి పల్లె. పొద్దుగాల్నే మెటడోరు మాట్లాడుకొని, బుగ్గన చుక్కతోటి, కాళ్లకు పారాణితోటి మా బాపు పక్కన కూసున్న. సగం ఎక్కినంక, మలుపు కాడ ఒక లారీ ఇరుసు విరిగి సగం రోడ్డుకు అడ్డం నిలవడ్డది. మిగిలిన సందుల ఒక్క బండే పడ్తది, ఆ సందుల పైనుంచి దిగుతున్న ఇంకో బండి మూతికి మూతి ఎదురైంది. అది గూడ పెండ్లి బండే, కొత్త కోడలిని అత్తగారింటికి తోల్కపోతుండ్రు.

పెండ్లి బండి ఎనుకకు పోవద్దనే పట్టింపు మీరు ఎరుగనిది కాదు. మేము ఎనుకకు పోతే పెండ్లి తప్పుతదని మా బాపు, కోడలు ఎనుకకు పోతే పుట్టింటికే మర్లుతదని అవతలి ముసలాయన, ఇద్దరూ మీసాలు తిప్పుకుంట రోడ్డు మీదనే కూసున్నరు. ఆ ముసలోని మొకం ఇప్పటికీ నా కండ్లల్ల ముల్లే. ఎండ నెత్తికెక్కింది, ముహూర్తం దగ్గరవడ్డది. అప్పుడు ఆ బండిలకెల్లి కొత్త కోడలు కొంగు సర్దుకుంట దిగి మెల్లగ అన్నది: “మీరు మా బండెక్కుండ్రి, మేము మీ బండెక్కుతం. బండ్లు ఎనుకకు పోతయి గాని, మనం ముంగటికే పోతం గదా.”

ఎంత సక్కటి మాట! అప్పటిదాక కుక్కల లెక్క కొట్లాడిన ఇద్దరు పెద్దమనుషులు అప్పుడు మాత్రం ఒక్కటై, నిన్న మొన్న వచ్చిన పిల్లవు నీకేం తెలుసని ఆమె మీద పడ్డరు. థూ! గా పట్టింపులకు అగ్గి తగల.

లారీ బాగై జరిగి, మేము పందిరి కాడికి చేరేసరికి పొద్దు వాలింది. ముహూర్తం తప్పొద్దని అప్పటికే పిల్లను మేనబావకిచ్చి తలంబ్రాలు పోయించిండ్రు. పిల్ల తండ్రి కోపం గూడ చెయ్యలే. “వచ్చిండ్రు గదా, తిని పోండ్రి,” అన్నడు. చెప్పుతోటి కొట్టినా గంత మంటుండకపోవు. ఎనుకకు పోవద్దన్న బండి నన్ను ఉత్తగనే ఎక్కించుకొని, గదే ఘాట్ దిగి ఎనుకకే వచ్చింది.

తర్వాత ఇంకో పిల్లతోటి నా పెండ్లయింది, పిల్లలైండ్రు, బాపు పోయిండు, కోపం మాత్రం పోలే. ఇప్పటి రోడ్డుకు నడుమ గోడ కట్టిండ్రు, వచ్చేటోళ్లు అటు, పోయేటోళ్లు ఇటు, కొట్లాటే లేదు. మంచిదే. కాని ఆ కోడలు పిల్ల గూడ నా లెక్కనే ముసలిదై ఎక్కడనో ఉంటది, ఒక్కసారి కనవడితే, నీ మాటే సరైంది చెల్లె అని చెప్పాలెనని ఉంటది. ఎట్ల చెప్పుడు? గీ రోడ్డు మీద ఎవ్వలకు ఎవ్వలు ఎదురువడరు.