అర్బాబ్ మీద ఒక్క జుగత్

వ్యాన్‌లో ఉన్నవారు: జగిత్యాలకు చెందిన డ్రైవర్ నర్సయ్య అన్న, కార్యక్రమాల మేనేజర్ ఫైసల్, లాహోర్ నుంచి వచ్చిన రంగస్థల, సినిమా నటుడు రఫాకత్ ఉస్తాద్, నేను. ఉన్న వస్తువులు: మైకులు రెండు, స్పీకరు ఒకటి, ఇస్త్రీ చేసిన షేర్వాణీ ఒకటి, శాలువాలు ఆరు, జ్ఞాపికలు ఆరు. సన్మానం ఉస్తాద్ ఒక్కరికే. మిగిలిన అయిదూ స్పాన్సర్లకు.

మాస్కులు పోయాక వచ్చిన రెండో చలికాలంలో, ఒక శనివారం ఉదయం పదిన్నరకు షార్జా రోలాలో బయలుదేరాం. ఫుజైరాలోని ఒక హోటల్ హాల్లో మూడింటికి ఉస్తాద్ ప్రదర్శన. రాత్రికి అదే హాల్లో పెళ్ళి ఉంది కాబట్టి అయిదున్నరకల్లా ఖాళీ చేయాలి. ఖర్చు మా కంపెనీ యజమానిది. ఇక్కడ యజమానిని అర్బాబ్ అంటారు. మా అర్బాబ్‌దీ లాహోర్ వైపే. మాది ఏసీ డక్టుల కంపెనీ, అందులో నేను డిజైన్ ఇంజనీర్ని. డక్టులో గాలి సంగతి తెలిసినవాడికి మైకులో గొంతు సంగతి తెలియదా అని అర్బాబ్ నన్ను సౌండుకు వేశారు.

వ్యాన్ లేనివారు జుబైల్ స్టేషన్లో ఫుజైరా బస్సు ఎక్కవచ్చు, పాతిక దిర్హాముల దాకా అవుతుంది. కడక్ చాయ్, పరోటా రోలాలోనే కానిచ్చుకోవడం మంచిది. ధైద్ దాకా దారిలో ఇసుక, ఒంటెలు, స్పీడు కెమెరాలు తప్ప ఏమీ లేవు.

ధైద్ చేరేలోపు ఉస్తాద్ తన నటజీవితం మొత్తం చెప్పేశారు. ఆయన మాట్లాడింది ఉర్దూ, నేను తెలుగులో రాస్తున్నాను.

“పదహారేళ్ళకు శవం వేషంతో మొదలుపెట్టాను బేటా. మూడో రోజు తుమ్మాను. జనం నవ్వారు. అప్పట్నుంచి హాస్యనటుణ్ణి.”

తర్వాత ముప్పై ఏళ్ళ పైన లాహోర్ స్టేజి. మధ్యలో సినిమాలు, అన్నిటిలోనూ హీరోయిన్ తండ్రికి టీ తెచ్చే పనివాడు. టీవీలో ఆయనకు పదోన్నతి వచ్చింది, తానే హీరోయిన్ తండ్రి అయ్యారు.

“ప్రతి సీరియల్లో పన్నెండో భాగానికల్లా నాకు గుండెపోటు. టీ తెచ్చేవాడు మాత్రం చివరిదాకా బతికే ఉంటాడు.”

కోవిడ్‌లో ఆయన ఆడే హాలు మూతపడి, తర్వాత ఫర్నిచర్ షాపు అయింది. ఆ మాట విని నర్సయ్య అన్న అద్దంలోంచి నన్ను చూశాడు.

“గప్పుడు మేం సోనాపూర్ లేబర్ క్యాంపుల ఉంటిమి తమ్మీ. రూముల ఎనిమిది మందిమి, నడిచే ఫోన్ ఒక్కటి. బయటికి పోనియ్యకపోదురు. ఒగడు ఏడ్సుడు మొదలువెడితే ఈయన వీడియో పెట్టేటోళ్లం.”

ఉస్తాద్‌కు చెప్పాను. “ఎనిమిది మందా?” అన్నారు ఆయన. “మా హాల్లో చివరి ఆటకు ఆరుగురే వచ్చారు.”

అసలు విషయం ఫైసల్ మసాఫీ సంతలో చెప్పాడు. రోడ్డు పక్కన తివాచీలు, పళ్ళు, కాల్చిన మొక్కజొన్న అమ్మే చోటు అది. తివాచీకి ఎంత చెప్పినా సగం నుంచి అడగండి. ఫైసల్ చెప్పింది ఇదీ: ఈ రోజు అర్బాబ్ సంతోషిస్తే ఉస్తాద్‌కు ఎమిరేట్లన్నిటిలో కలిపి పది ప్రదర్శనలు. లేకపోతే సోమవారం లాహోర్ విమానం. లాహోర్లో ఎక్కడానికి స్టేజి లేదు.

ఉస్తాద్ పేరుపడింది జుగత్‌కు. ఎదుటివాడి ఆకారాన్నో తీరునో పట్టుకుని అప్పటికప్పుడు విసిరే ఎకసెక్కం అది, పంజాబీ నాటకాలకు ప్రాణం. ఫైసల్ నిషేధాలు చదివాడు: అర్బాబ్, అర్బాబ్ జుట్టు, పొట్ట, కార్లు, బావమరుదులు.

“మరి మిగిలింది ఎవరు?” అన్నారు ఉస్తాద్.

“జనం ఉన్నారు. ఇంజనీరు ఉన్నాడు, డ్రైవర్ ఉన్నాడు.”

“కానియ్యిండ్రి. మనల్ని తిడితే కాంట్రాక్టు పోదు గదా” అన్నాడు నర్సయ్య అన్న.

ఒంటిగంటకు ఫుజైరా చేరాం. భోజనం చేపల బిర్యానీ, బాగుంది. మూడింటికి మొదలు కావలసిన కార్యక్రమం మూడూ నలభైకి మొదలైంది. ముందు స్పాన్సర్ల సన్మానం. ప్రతివాడూ ఉస్తాద్‌తో తన బాల్యానికున్న అనుబంధం చెప్పాడు. ఉస్తాద్ చేతికి మైకు వచ్చేసరికి నాలుగున్నర.

మొదట నన్ను పట్టుకున్నారు. “ఈ ఇంజనీరు మెడలో కంపెనీ కార్డు చూడండి. అది బరువుకు కట్టారు. తీసేస్తే ఏసీ గాలికి ఎగిరిపోతాడు.”

తర్వాత నర్సయ్య అన్న. “మా డ్రైవర్ వేగానికి వెనక నుంచి ఒంటె హారన్ కొట్టింది.”

ఆ తర్వాత, మొదటి వరసలో అర్బాబ్ పక్కన కూర్చున్న టైర్ల షాపు యజమాని. “ఈయన సోఫాలో కూర్చోలేదు. సోఫాతో పాటే డెలివరీ అయ్యాడు.”

హాలు దద్దరిల్లింది. టైర్లాయన కళ్ళు తుడుచుకుంటూ, లేచి నాలుగు దిక్కులకూ సలాం చేశాడు. ఉస్తాద్ ఆయన మీద ఇంకో రెండు వేశారు. అర్బాబ్ ముఖం మాత్రం వాడుతూ వచ్చింది. అయిదింటికి ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు.

“ఖలాస్” అన్నాడు ఫైసల్. ఉస్తాద్ మైకు నా చేతిలో పెట్టి ఆయన వెనకే నడిచారు. మైకు పట్టుకుని నేనూ నడిచాను.

వరండాలో అర్బాబ్ గోడవైపు తిరిగి నిలబడ్డారు. “హాలు నాది, సోఫా నాది. టైర్లవాడికి మూడు జుగత్‌లు, నాకు ఒక్కటీ లేదు. రేపు మా ఊళ్ళో వీడియో చూస్తారు. డ్రైవర్‌పాటి కూడా చేయడా వీడు అనుకోరూ?”

“సార్, మీ గౌరవం కోసమే...” అన్నాడు ఫైసల్.

“గౌరవం ఆఫీసులో ఇస్తున్నారు కదా. ఇక్కడ కూడా ఎందుకు?”

ఫైసల్ పెదవుల దగ్గర వేలు అడ్డం పెట్టి ఉస్తాద్‌నే చూస్తున్నాడు. ఉస్తాద్ ఆ వేలు చూశారు, అర్బాబ్‌ను చూశారు, తలుపు తీసి హాల్లోకి తొంగి చూశారు.

“మీరు అలిగి వచ్చేశారు గానీ అర్బాబ్, మీ పొట్ట ఇంకా మొదటి వరసలోనే కూర్చుని ఉంది.”

అర్బాబ్ నెమ్మదిగా తిరిగారు. పొట్ట చూసుకున్నారు. నవ్వు అక్కడే మొదలై పైకి వచ్చింది. “ఇదే లోపల చెప్పు, మైకులో” అని ఉస్తాద్ భుజం పట్టుకుని తీసుకెళ్ళారు. వీడియో తీసేవాడు మొదటిసారి అందుకోలేదని మళ్ళీ చెప్పించారు. రెండోసారి బావమరిది అడ్డం వచ్చాడని మూడోసారి. మూడుసార్లూ అర్బాబ్ కొత్తగా ఉలిక్కిపడ్డారు. నటన ఆ పూట ఇద్దరిదీ.

ఆరింటికి తిరుగు ప్రయాణం. మసాఫీ దాటాక ఫైసల్‌కు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పది ప్రదర్శనలూ ఖాయం. కొత్త షరతు ఒకటి: ఒక్కో ప్రదర్శనలో అర్బాబ్ మీద కనీసం అయిదు జుగత్‌లు ఉండాలి, వాటిని ముందుగా రాసి పంపి ఆమోదం తీసుకోవాలి.

“తిట్లకు గూడ అప్రూవలా?” అన్నాడు నర్సయ్య అన్న. “మా క్యాంపుల ఫోర్‌మన్ ఉట్టిగనే తిడుతుండె.”

మొదటి ప్రదర్శనకు కావలసినవి ఉస్తాద్ చీకట్లో కళ్ళు మూసుకుని చెబుతూ పోయారు. నేను ఫోన్లో టైపు చేసి ఆఫీసుకు పంపాను. ధైద్ దగ్గర మొదటి జవాబు: పొట్ట ప్రస్తావన ఒకసారి చాలు. తర్వాతది: జుట్టు విషయం ఇంట్లో వాళ్ళకు నచ్చలేదు. ఆ తర్వాతది: కార్లు బ్యాంకు లోనువని అనకూడదు.

“మరెట్ల ఉస్తాద్?” అని నర్సయ్య అన్న హిందీలో అడిగాడు.

“స్టేజి ఇచ్చారు కదా” అన్నారు ఉస్తాద్. “ఎక్కిన తర్వాత నా నోటిని ఆపడానికి ఏ ముదీర్, ఏ మేనేజర్ పైకి వస్తాడు? వస్తే వాడి మీద ఆరోది.” అని షేర్వాణీని దిండులా మడిచి పడుకున్నారు.

ఫుజైరా ఒక్క రోజులో చూసి రాదగిన ఊరు. కొండల దారి బాగుంటుంది, రోడ్డు గతుకు లేదు. సముద్రం చూడటం మాకు కుదరలేదు. ఎనిమిదింటికి రోలాలో దిగేటప్పటికి ఆఫీసు నుంచి చివరి జవాబు వచ్చింది. పంపిన జుగత్‌లు పదిహేడు. ఆమోదం పొందినవి సున్నా.