సెలవు రోజు సాంబారు

గద్వాల నుంచి బదిలీ అయి బిజినేపల్లి మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో గెజిటెడ్ హెడ్మాస్టరుగా నేను చేరింది, పదవీ విరమణకు మూడేళ్ల ముందు జూన్ నెలలో. బడి పేరు చెప్పను. తప్పు బడిది కాదు, నాది.

మధ్యాహ్న భోజనం పిల్లలకు వడ్డించే ముందు ఉపాధ్యాయుల్లో ఒకరు రుచి చూసి, రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. చేరిన వారంలోనే స్టాఫ్ మీటింగ్ పెట్టి, మనమంతా ఒక జట్టు, పెద్దా చిన్నా తేడా లేదు అని ముప్పావు గంట ఉపన్యాసం ఇచ్చి వంతులు వేశాను. సోమవారం నాకు నేనే వేసుకున్నాను. నా వినయానికి నాకే ముచ్చటేసింది.

చిక్కేమిటంటే, నాకు సాంబారు గిట్టదు. ఇంటి నుంచి జొన్నరొట్టె, పుంటికూర డబ్బా తెచ్చుకునేవాణ్ని. అందుకని నెల మొదట్లోనే ఆ నెల సోమవారాలన్నిటికీ ‘సాంబారు బాగుంది, ఉప్పు సరిపోయింది’ అని రాసి సంతకాలు పెట్టేసేవాణ్ని. రిజిస్టరులో రోజుకో పేజీ కాబట్టి ఎవరూ పట్టించుకోరనుకున్నాను. పని ముందుగా ముగించడం నాకు మొదటి నుంచీ అలవాటు.

ఆగస్టులో మూడో సోమవారం సాంబారులో ఉప్పు విపరీతంగా పడింది. పిల్లలు ముద్ద నోట్లో పెట్టగానే ఉమ్మేశారు. గంటలో తల్లులు వచ్చారు, వాళ్ల వెనకే బడి కమిటీ చైర్మన్ నర్సింలు. వంట చేసే బాలమ్మను తీసేయాలని పట్టుబట్టారు. ఆమె ఇల్లు గడిచేది ఆ పనితోనే.

బాలమ్మ ఏమీ దాచలేదు. “రెండుసార్లు ఏసిన సారూ, మతికి లేకుండె” అంది.

నర్సింలు రిజిస్టరు అడిగాడు. ఆ రోజు పేజీలో ఉప్పు సరిపోయిందని నా దస్తూరీ. నేను చూసినప్పుడు బాగానే ఉంది, తర్వాత మళ్లీ వేసి ఉంటుంది అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆయన పేజీలు వెనక్కి తిప్పాడు. “పోయిన సోమారం వానకు బడి బంద్ గదా సారూ. ఆ దినం గూడ సాంబారు బాగున్నదని రాసిండ్రు. ఏడ తిన్నరు?”

నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను. ఆయన ఈసారి ముందుకు తిప్పాడు.

“వచ్చే సోమారంది గూడ బాగనే ఉన్నదంట.”

తల్లులు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నా జట్టు మొత్తం అప్పటికే కిటికీ దగ్గర చేరింది.

రుచి చూడలేదని, చూసి ఉంటే పిల్లల పళ్లేల్లోకి వెళ్లకముందే ఆపేవాణ్నని, తీసేయాల్సింది ఆమెను కాదని అందరి ముందూ చెప్పాను. నర్సింలు రిజిస్టరు మూసి, బాలమ్మ పనిలోనే ఉంటుందన్నాడు. తల్లులు ఒప్పుకున్నారు. బాలమ్మ మాత్రం గిన్నెలో ఒక గరిటె సాంబారు పోసి నా బల్ల మీద పెట్టింది.

“జర నోట్ల ఏస్కోని రాయుండ్రి సారూ.”

తాగాను. కళ్ల నీళ్లు తిరిగాయి. పాత వాక్యం కొట్టేసి, ‘ఉప్పు మరీ ఎక్కువ. ముందుగా రుచి చూడలేదు’ అని రాసి సంతకం పెట్టాను.

రిటైరయ్యే దాకా ప్రతి సోమవారం పళ్లెం పట్టుకుని పిల్లల వరుసలో నిలబడ్డాను. జట్టు గురించి మళ్లీ ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరికీ వాళ్ల వంతు గుర్తు చేయాల్సిన పనీ పడలేదు. పదిమందిని కలుపుకుని పని చేయించేవాడు ముందు తన వంతు తాను నిజంగా చేయాలి. అతని మాటను జనం నమ్మేది అది చూసే. సాంబారు మాత్రం నాకు ఇప్పటికీ గిట్టదు.