సిరప్పు ఆపేశాక మా పిన్ని

మా పిన్ని దర్జీ. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు. ఈ మధ్య టేపు పక్కన థర్మామీటరు కూడా వేలాడుతోంది.

అది ఆమె కూతురి కోసం. ఐదేళ్ల పిల్ల, గుండ్రంగా ఉంటుందని గుండీ అని పిలుస్తాం. కిందికి పోవాల్సిన మూత్రం ఆ పిల్లకు కొంత వెనక్కి, కిడ్నీల వైపు ఎక్కుతుంది. ఇన్ఫెక్షన్ రాకుండా రోజూ సాయంత్రం చెంచాడు యాంటీబయాటిక్ సిరప్పు పట్టమన్నారు. రెండున్నరేళ్లు పిన్ని ఒక్క రోజూ తప్పలేదు. కదిలే బస్సులో నిలబడి కూడా పట్టింది.

మొన్న డాక్టరమ్మ, "ఏడాదిన్నరగా ఇన్ఫెక్షన్ లేదు. మలబద్ధకం పోయింది, వేళకు బాత్రూంకి వెళ్తోంది. ఇక ఆపేద్దాం" అంది.

"జ్వరమొస్తే?"

"సిరప్పు మాత్రం పట్టకండి. ముందు మూత్రం పరీక్షకి తీసుకురండి. మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తే అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిద్దాం."

పిన్నికి ఆఖరి మాట ఒక్కటే వినపడింది.

ఆ రోజు నుంచి గుండీ చంకలో పూటకు నాలుగుసార్లు థర్మామీటరు. తర్వాత పిన్నికి థర్మామీటరు మీదే అనుమానం వచ్చింది. అది నిజం చెబుతోందో లేదో తేల్చడానికి, కొలతలిచ్చే వాళ్లందరికీ పెట్టసాగింది.

"గౌనుకి జ్వరమెందుకే తల్లీ?" అంది పక్క వీధి టీచరమ్మ.

"చెయ్యెత్తండక్కా, ఎలాగూ ఎత్తాలిగా."

ఆ అంకె కూడా కొలతల పుస్తకంలోకే ఎక్కింది. బట్ట కత్తిరించేది బాబాయి. తల ఎత్తకుండా పుస్తకం చూసి, టీచరమ్మకు తొంభై ఎనిమిది అంగుళాల పొడవు గౌను కత్తిరించాడు.

"పొడుగు మనిషేమో అనుకున్నా" అన్నాడు.

"రోజూ చూసే మనిషేగా!"

"మొహం చూస్తాను గానీ, పొడవు పుస్తకంలోనే చూస్తాను."

రెండో నెలలో, ఒక మధ్యాహ్నం, గుండీకి నూట ఒకటి వచ్చింది. పిన్ని అలమర తెరిచింది. మిగిలిన సిరప్పు అక్కడే దాచింది. మూత తీసింది, చెంచా నింపింది. పిన్ని దగ్గర కుట్టుపని నేర్చుకుంటున్న నేను, చొక్కాకి కుడుతున్న గుండీలు వదిలేసి చూస్తున్నాను. "పరీక్ష చెడిపోతుందేమో పిన్నీ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆమెకు వినపడింది. చెంచా సింకులో ఒంపేసింది.

ఇక మూత్రం పట్టాలి. ఆసుపత్రి బాత్రూంలో గుండీ కూర్చుంది. పిన్ని సీసా పట్టుకుంది. నేను కుళాయి విప్పాను. తలుపు బయట బాబాయి నీళ్ల చప్పుడు నోటితో చేస్తున్నాడు. వరసలో ఉన్న ఇద్దరు ముసలాళ్లు కూడా అందుకున్నారు.

"మీరందరూ పోతేనే నేను పోస్తా" అంది గుండీ.

పోయాం. పోసింది.

డాక్టరమ్మ కాగితం చూసింది, గొంతులోకి లైటు వేసింది, ముక్కు చూసింది. "మూత్రంలో ఏమీ లేదు. జలుబు."

"ఒట్టి జలుబా?"

"ఒట్టిదే."

"మళ్లీ సిరప్పు?"

"అక్కర్లేదమ్మా."

ఇంటికి తిరిగొస్తూ కనపడిన ప్రతివాళ్లకీ, "మా గుండీకి జలుబు!" అని చెప్పింది పిన్ని.

"మా ఇంట్లో ముగ్గురికుంది. మేమిలా చాటింపు వేసుకున్నామా?" అంది టీచరమ్మ.

అప్పుడే గుండీ గట్టిగా తుమ్మింది.

"విన్నారా అక్కా?" అంది పిన్ని.