వంతెన దగ్గర నేను, పెరట్లో నా లెక్క

"నా వెనకాలే నిలబడి లెక్కపెట్టావు అమ్మమ్మా. కాదంటావేంటి?"

"నేను కాలవ వంతెన దగ్గరుంటే నీ వెనకాల ఎలా ఉంటానే? అంబులెన్సు అబ్బాయిని అడుగు."

"నీ గొంతు నాకు తెలీదా?"

"మనిషి ఒకచోట, గొంతు ఒకచోట ఉండదు. ముందు ఆ టీ తాగు, చల్లారితే పారబోయాలి."

నరసాపురంలో ఒక ఆసుపత్రి వరండాలో ఆ సాయంత్రం నేనూ మా మనవరాలు హారికా పడ్డ గొడవ ఇది. లోపల మా కొబ్బరిచెట్లు ఎక్కే సత్తిబాబు బతుకుతాడో లేదో ఇంకా ఎవరూ చెప్పలేదు.

దెయ్యాల్నీ గాలీధూళినీ నేను ఏనాడూ నమ్మలేదు. మా ఆయన పోయిన గదిలో పన్నెండో రోజు నుంచే పడుకుంటున్నాను. ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం రాస్తాను.

హారిక అంబులెన్సులో పనిచేసేవాళ్ల చదువు చదువుతోంది. మొదటి ఏడాదంతా ఒంట్లో ఏది ఎక్కడుంటుంది, ఏ పని చేస్తుంది అన్నదే పాఠం. సెలవులకి మా ఊరు వచ్చి, గుండె ఆగిన మనిషి రొమ్ము ఎలా నొక్కాలో సాధన చేసేది. దిండు ఇస్తే చిరుగుతుందని గోనెసంచిలో ఊక కుక్కి ఇచ్చాను.

గుండె ఎడమవైపుంటే మధ్యలో నొక్కుతావేంటని కసిరాను. గుండె రెండు ఊపిరితిత్తుల నడుమే ఉంటుందనీ, కొన మాత్రం ఎడమకి వాలి ఉంటుందనీ, రొమ్ము ఎముక మీద నొక్కితే రక్తం మెదడుకి అందుతుందనీ చెప్పింది. ముప్పై సార్లు నొక్కాలి, రెండుసార్లు నోట్లోకి ఊపిరి ఊదాలి. తను నొక్కుతుంటే నేను లెక్కపెట్టేదాన్ని.

నాది ధాన్యం కొలిచే లెక్క. ఒకటి అనను, లాభం అంటాను. ఏడు అనను, ఆరున్నొకటి అంటాను. అయిదో తరగతిలో చదువు మాని కళ్లంలో కుంచం పట్టినప్పటి అలవాటు. హారిక నవ్వేది గాని, ఆ వరస మీదే దాని చేతులు కుదిరాయి.

ఆ రోజు పొద్దున పదిగంటలకి సత్తిబాబు కొబ్బరి దింపుకి వచ్చాడు. నాలుగు చెట్లు ఎక్కి దిగి మంచినీళ్లు అడిగాడు. చెంబు అందుకోకుండానే కూలిపోయాడు. హారిక అతని మెడ పక్కన వేళ్లు పెట్టి చూసింది. నాడి లేదు, ఊపిరి లేదు. వెంటనే నొక్కడం మొదలుపెట్టింది.

నేను అంబులెన్సుకి ఫోన్ చేశాను. మా సందు వాళ్లకి దొరకదని వంతెన దాకా వెళ్లి నిలబడ్డాను. పెరట్లో మిగిలింది వాళ్లిద్దరూ, కాయలు పోగుచేసే అతని భార్య నూకరత్నం.

వంతెన మా ఇంటికి రెండు చేల అవతల. అక్కడ అరిచినా పెరట్లోకి వినపడదు. నేను అరవనూ లేదు, లెక్కా పెట్టలేదు. రొప్పుతూ రోడ్డు వంక చూస్తున్నానంతే. ఆ అంబులెన్సులోనే ఎక్కి ఇంటికి వచ్చాను.

నేను వెళ్లిన కాసేపటికే హారిక చేతులు లాగేశాయట. ఇక నావల్ల కాదనుకుందట. అప్పుడు వెనక నుంచి నా గొంతు లాభం, రెండు, మూడు అంటూ మొదలైందట. ముప్పై దగ్గర ఆగి, ఊపిరి ఊదగానే మళ్లీ లాభం. అంబులెన్సు మోత వినపడేదాకా అలాగే సాగిందట. తిరిగి చూసే తీరిక దానికి లేదు.

పిల్ల బెదిరిపోయి అలా అనుకుందని వరండాలో తేల్చేశాను. కింద కూర్చున్న నూకరత్నం తలెత్తింది.

"నేనూ విన్నానండి అమ్మగారూ. మీరున్నారు కదాని తిరిగి చూశానండి. ఎవరూ లేరండి. లెక్క మాత్రం ఆగలేదండి."

చచ్చినవాళ్లెవరో వచ్చారంటే ఆమెనీ కసిరేదాన్ని. కానీ ఆ గొంతు నాది, నేను బతికే ఉన్నాను కదా. శాంతి చేయించమని ఊళ్లో చెప్పారు, చేయించలేదు. నా గొంతు నన్ను అడక్కుండా ఎక్కడికీ పోదు. వాళ్లిద్దరూ అబద్ధమాడే మనుషులూ కారు. ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు ఉదయం నర్సు మమ్మల్ని లోపలికి పిలిచింది. సత్తిబాబు కళ్లు తెరిచి ఉన్నాడు. నొక్కుడికి పక్కటెముకలు రెండు విరిగాయనీ, నొక్కడం ఆపకపోబట్టే మనిషి దక్కాడనీ డాక్టరు చెప్పారు. హారిక మంచం కమ్మీ పట్టుకుని ఏడ్చింది. నూకరత్నం దుప్పటి ఎత్తి అతని పాదాలు పట్టుకుని చూసింది.

"వెచ్చగా ఉన్నాయండి," అంది.